రక్తం తీసుకెళ్లినవాళ్ల పని ఏమిటి?

మనకి జ్వరం వస్తే డాక్టరు గారు మనల్ని ఒక్కరినే చూస్తారు. కాని ఒకే జబ్బు ఊళ్లో చాలామందికి వస్తే ఊరంతటినీ చూసేవాళ్లు వేరే ఉంటారు. వాళ్లే ప్రజారోగ్యం చదివిన ప్రొఫెసర్లు, పరిశోధకులు. వాళ్లు మందు చీటీ రాయరు. ఎంతమందికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎందుకు వచ్చింది అని లెక్క చూస్తారు.

ఇది నాకెందుకంటే, మాది మందస కొండల కింద సవర ఊరు. మందస, పలాస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం వైపంతా ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉంటుంది. అక్కడ ముప్పై ఏళ్లకి పైగా కిడ్నీ జబ్బు ఉంది. సర్వేలు చేస్తే పెద్దవాళ్లలో సుమారు ఐదో వంతు మందికి కిడ్నీలు బాగులేవని తేలింది. షుగరు లేనివాళ్లకి కూడా వస్తోంది. నీళ్లు అన్నారు, పురుగుమందు అన్నారు, ఎండలో పని అన్నారు. ఏదీ ఇంకా రుజువు కాలేదు.

ఇలాంటప్పుడు ప్రొఫెసర్లలోనే రెండు ఆలోచనలు ఉంటాయి. కారణం తేలేవరకు చెప్పకూడదు, తప్పు చెప్తే జనం నష్టపోతారు అని కొందరంటారు. తేలేవరకు కూర్చుంటే మనుషులు మిగలరు, చెయ్యగలిగింది ముందు చెయ్యాలి అని కొందరంటారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు, చనిపోయినవాళ్లు ఏ నీళ్లు తాగారో ఇంటింటికీ తిరిగి అడిగాడు. చాలామంది బ్రాడ్ వీధి బోరింగు నీళ్లే తాగారు. ఆయన మాట మీద ఆ బోరింగు పిడి తీసేశారు. అప్పటికే కలరా తగ్గుతోందంట, అది వేరే సంగతి. కలరా క్రిమి గురించి కోచ్ లోకానికి చెప్పింది 1883-84లో. అంటే క్రిమి తెలియకుండానే పిడి తీశారన్నమాట.

ఉద్దానానికి కూడా హిరమండలం నుంచి పైపుల్లో వంశధార నీళ్లు తెచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. నీళ్లే కారణమని రుజువైతే తెచ్చిన పైపు కాదు. మంచినీళ్లు ఎలాగూ కావాలి. కాని పైపు వచ్చేసింది, ఇంక జబ్బు రాదు అనుకుని జనం క్రియాటినిన్ పరీక్ష మానేస్తే? అలా మానొద్దని, నొప్పి బిళ్లలు ఊరికే మింగొద్దని చెప్పడానికి కారణం తేలక్కర్లేదు. నా ఉద్దేశంలో అది కూడా వాళ్ల పనే.

ఇంకో పని ఉంది. నేను ఆరో తరగతి సెలవుల్లో ఇంటికెళ్తే కొందరు సర్వేకి వచ్చారు. రక్తం తీశారు, మూత్రం డబ్బాల్లో పట్టుకెళ్లారు. కాగితం మాత్రం రాలేదు. ఇప్పటికీ ఇంటికెళ్తే మా నానమ్మ నన్నే అడుగుతుంది, నా రక్తం ఏం చెప్పిందే అని. రక్తం ఇచ్చినవాళ్లకి జవాబు ఇచ్చాకే పుస్తకాల్లో రాసుకోవాలి.

అయితే తప్పు నాది కూడా ఉంది. వాళ్లకి సవర రాదు, మావాళ్లకి తెలుగు అంతగా రాదు. నేనే మధ్యలో నిలబడి చెప్పాను. కిడ్నీకి సవరలో ఏమనాలో నాకు తెలీలేదు. నడుం మీద చెయ్యి పెట్టి, ఇక్కడ బాగులేదా అని అడిగాను. బరువులు మోసేవాళ్లు కదా, అందరూ బాగులేదన్నారు. వాళ్లు అవును అని రాసుకున్నారు. ఆ లెక్క ఎక్కడికి వెళ్లిందో తలుచుకుంటే ఇప్పుడు భయమేస్తుంది. తర్వాత నానమ్మ అంది, మేకని కోస్తే లోపల రెండు చిక్కుడు గింజల్లాగ ఉంటాయే, అవా అని. అవే!

అక్కలూ, చెల్లెళ్లూ, మేకలో ఉండే ఆ రెండింటినీ మీ ఇంట్లో ఏమంటారో ఈ కాగితం కింద ఖాళీలో రాయండి. సవర, కువి, ఒడియా ఏదైనా సరే, తెలుగు అక్షరాల్లో రాస్తే చాలు.