పైన్ తోటలో పురుగు - బూజు

అమెరికా దక్షిణ రాష్ట్రాలలో కలప కోసం పైన్ చెట్లను తోటలుగా పెంచుతారు. వీటికి పెద్ద శత్రువు బెరడు పురుగు. దీని పొడవు 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. ఒక్క పురుగు బెరడును తొలిస్తే చెట్టు జిగురు కార్చి దానిని బయటకు నెట్టగలదు. అందుకే మొదట వచ్చిన ఆడపురుగు ఒక వాసన వెదజల్లి వేలాది పురుగులను రప్పిస్తుంది. అన్నింటినీ ఎదుర్కొనలేక చెట్టు చనిపోతుంది.

ఆడపురుగు శరీరంలో సంచివంటి భాగం ఉంది. అందులో అది బూజును, అనగా శిలీంధ్రాన్ని, మోసుకొని వస్తుంది. బెరడు కింద పెరిగిన ఆ బూజును తిని పిల్లపురుగులు ఎదుగుతాయి. బూజు పురుగుకు ఆహారం. పురుగు బూజుకు వాహనం.

పురుగును అంటిపెట్టుకొని అతిచిన్న నల్లులు కూడా వస్తాయి. అవి వేరొక బూజును తెస్తాయి. అది కలపకు నీలిరంగు పట్టిస్తుంది. అది వ్యాపించిన చోట పిల్లపురుగులు సరిగా ఎదగవు. కనుక బూజులన్నీ పురుగుకు మిత్రులు కావు.

ఒత్తుగా పెరిగిన చెట్లు నీటికి, వెలుతురుకు పోటీపడి నీరసిస్తాయి. అందువల్ల కొన్నింటిని నరికి తోటను పలుచన చేస్తారు. మిగిలిన చెట్లు బలపడి జిగురును బాగా కారుస్తాయి. పురుగుల వాసన కూడా గాలికి చెదరిపోతుంది. తోటకు ఇదే మంచి రక్షణ.

ప్రశ్నలు
1. బెరడు పురుగుకు, బూజుకు గల సంబంధమేమి?
2. తోటను పలుచన చేయడం వలన లాభాలేవి?