లోడర్ ఎక్కబోయే అల్లుడికి

గౌనిపల్లి



ట్రాక్టర్‌కు లోడర్ బిగించుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం నాయనా. మన శ్రీనివాసపురం తాలూకాలో మామిడి ఒక ఏడు కాస్తే ఇంకో ఏడు మొహం చాటేస్తుంది. ఇల్లు గడిచేది డెయిరీకి పోసే పాలతోనే. ఏడాదంతా పారే ఏరు లేని ఈ కోలారు సీమలో పచ్చిమేతను నమ్ముకోలేం. రాగిగడ్డి వామి, బయటినుంచి తెప్పించే వరిగడ్డి రోల్సే ఆవులకు ఆధారం. వాటిని మోసి మోసి మీ నాయన నడుము ఏమైందో నువ్వే చూశావు. యంత్రం రావలసిందే. దాని గుణం తెలుసుకుని ఎక్కమని ఈ ఉత్తరం.

ట్రాక్టర్‌ను తయారు చేసింది వెనకనుంచి లాగడానికి. ముందు బరువు ఎత్తేకొద్దీ వెనక చక్రాలు తేలికపడతాయి. మన మామూలు టూవీల్ డ్రైవ్ బండ్లకు బ్రేకులున్నది ఆ వెనక చక్రాలకే. అవి నేలను పట్టుకోకపోతే నువ్వు పెడల్ మీద నిలబడినా బండి ఆగదు. అందుకే వెనక బరువు లేకుండా లోడర్ పని మొదలుపెట్టొద్దు. పీటీఓ ఆపేసి రోటవేటర్ తగిలించుకో, లేదంటే కంపెనీ చెప్పిన బరువులు వేయించు. వెనక టైర్లలో ముప్పాతిక దాకా నీళ్లు పట్టించినా మేలే. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపి లాక్ చెయ్యి. దున్నేటప్పుడు విడిగా తొక్కే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఒక పక్క చక్రమే ఆగితే బండి గిర్రున తిరిగి పడుతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ముందు ఇరుసు నడిమధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది. చూడటానికి నాలుగు చక్రాలున్నా, పక్కకు ఒరిగే విషయంలో ట్రాక్టర్ మూడుకాళ్ల పీటే. బకెట్ పైకెత్తుకుని గట్టు ఎక్కినా, గుంతలో ఒక చక్రం దిగినా, మలుపు జోరుగా తిప్పినా బోల్తా పడుతుంది. కాబట్టి నడిచేటప్పుడు బరువు మోకాలి ఎత్తు దాటనివ్వొద్దు. ఎత్తడం, దించడం వామి దగ్గర నేల చదునుగా ఉన్నచోట, బండి నిలిపాకే. బండి అదుపు తప్పుతోందని తోస్తే ముందు బకెట్ నేలకు దించెయ్యి.

లోడర్ చేతులు పైకి లేచేకొద్దీ బకెట్ వెనక్కి వాలుతుంది. లీవరుతో సరిచేసుకోకపోతే అంచుకు మించి పేర్చిన రోల్స్ దొర్లుకుంటూ నీ ఒళ్లోకే వస్తాయి. అంచు దాటి పేర్చొద్దు. నాలుగు ట్రిప్పులు ఎక్కువైనా ఫర్వాలేదు. వామి మీదికి ఎక్కించమని పిల్లలు బకెట్లో కూర్చుంటారు, ఎంత బతిమాలినా ఒప్పుకోకు. ఎత్తిన లోడర్ కింద మనిషి నిలబడకూడదు. హైడ్రాలిక్ పైపు పగిలిందంటే తప్పుకునే వ్యవధి ఉండదు. దిగేముందు బకెట్ నేలమీద పెట్టి, ఇంజన్ ఆపి, తాళంచెవి తీసుకో. సైలెన్సర్ దగ్గర చిక్కుకున్న గడ్డిని పొద్దుటే దులుపు, నిప్పు అక్కడే పుడుతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీ కొట్టం వెనక వామి మీదుగా 11 కేవీ తీగలు పోతున్నాయి. రోడ్డు కాని చోట అలాంటి బోడి తీగకు నేలనుంచి 4.6 మీటర్ల ఎత్తుంటే చాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలే చెప్పాయి. ఎండకు సాగిన తీగ ఇంకా కిందికి దిగుతుంది. లోడర్ పూర్తిగా లేపితే దానిమీది రోల్స్‌తో కలిపి ఆ ఎత్తును అందుకోవడం ఎంతసేపు? తాకనక్కర్లేదు, దగ్గరికి పోయినా కరెంటు దూకుతుంది. ఎప్పుడైనా తగిలితే సీటు దిగకు. ఎవరినీ దగ్గరికి రానివ్వకు. కరెంటు సంస్థ బెస్కాం నంబరు 1912కు ఫోన్ చేయించు, లైను ఆపారని తేలాకే దిగు. మంటలు లేచి దిగక తప్పకపోతే, బండినీ నేలనూ ఒకేసారి ముట్టకుండా రెండు కాళ్లూ జోడించి దూకి, అలాగే చిన్న చిన్న గెంతులతో దూరం జరుగు.

బావకు నా మాటగా చెప్పు. రాగి కోతలు మొదలయ్యేలోపే ఆ వామిని తీగల కిందనుంచి తీసి, తోట పక్క బయలుకు మార్చండి. అప్పటిదాకా అక్కడికి లోడర్ తీసుకుపోవద్దు.

ఇట్లు,
మీ మామ