గ్రాంబ్లింగ్ గురువు: ఎడ్డీ రాబిన్‌సన్

ఫుట్‌బాల్ అనగానే మనకు గుండ్రని బంతి, గోలుస్తంభాలు స్ఫురిస్తాయి. అమెరికాలో ఆ పేరుతో ఆడే ఆట వేరు. అక్కడి బంతి కోలగా ఉంటుంది. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చు, విసరవచ్చు. కళాశాలల పోటీలకే లక్షమంది ప్రేక్షకులు పట్టే క్రీడాంగణాలు అక్కడ ఉన్నాయి. ఆ ఆటకు ఒకే కళాశాలలో 1941 నుండి 1997 వరకు శిక్షకుడుగా ఉన్నవాడు ఎడ్డీ రాబిన్‌సన్.

లూసియానా రాష్ట్రంలో, పాలుకు సేద్యం చేసే పేదవాని ఇంట 1919లో జన్మించాడు. పట్టా పుచ్చుకొన్న పిదప కూడా దాణామిల్లులో గంటకు 25 సెంట్ల కూలికి పనిచేశాడు. 22వ ఏట గ్రాంబ్లింగ్‌లోని చిన్న నల్లజాతి కళాశాలలో ఉద్యోగం దొరికింది. మైదానంలో గీతలు గీయడం, ఆట వార్తను పత్రికలకు వ్రాసి పంపడం కూడా ఆయన పనే. తొలి ఏడు ఓటములే ఎక్కువ. 1942లో ఆడిన 9 ఆటలూ గెలిచారు. ప్రత్యర్థులకు ఒక్క పాయింటైనా దక్కలేదు.

ఆయన మొత్తం విజయాలు 408. పత్రికలు ఈ సంఖ్యనే పదే పదే చెబుతాయి. నాకు మాత్రం ఆయన చేతిలోని గంట ముఖ్యమని తోస్తుంది. తెల్లవారగానే ఆవు మెడగంట మ్రోగిస్తూ వసతిగృహమంతా తిరిగి, ఆటగాళ్ళను నిద్రలేపి తరగతులకు పంపేవాడు.

ఆనాడు దక్షిణాది రాష్ట్రాలలో తెల్లవారి కళాశాలలు నల్లజాతి విద్యార్థులను చేర్చుకొనేవి కావు. ఎంత ప్రతిభ ఉన్నా గ్రాంబ్లింగ్ వంటి చోటికే రావాలి. 1949లో ఆయన శిష్యుడు పాల్ యంగర్ లాస్ ఏంజిలిస్ రామ్స్ అనే వృత్తి జట్టులో చేరాడు. నల్లజాతి కళాశాలలనుండి ఆ స్థాయికి చేరిన మొదటివాడతడు. నీవు విఫలుడవైతే వెనుకవారికి దారి మూసుకొంటుందని గురువు హెచ్చరించి పంపాడు. ఆ దారిన 200 మందికి పైగా నడిచారు. జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ స్థానానికి నల్లవారి తెలివి చాలదనే దురభిప్రాయం చిరకాలం ఉండేది. 1988 జనవరిలో మరొక శిష్యుడు డగ్ విలియమ్స్ అదే స్థానంలో ఆడి, సూపర్‌బౌల్‌లో వాషింగ్టన్ జట్టును 42-10 తో గెలిపించాడు.

అయితే 1960ల చివరనుండి తెల్లవారి కళాశాలలు తలుపులు తెరిచాయి. ధనబలమూ, పెద్ద మైదానాలూ వారివే. మేటి యువకులు అటు మరలిపోయారు. జాతి పోరాడి సాధించుకొన్న హక్కే ఆయన జట్టుకు నష్టమైంది. మనవంటి కళాశాలలో చదివేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. రాబిన్‌సన్ ఆ తలుపులను ఎన్నడూ నిందించలేదు. చివరి 3 ఏళ్ళూ గెలుపులకంటె ఓటములే అధికం. 1996లో తప్పుకొమ్మనే ఒత్తిడి వచ్చింది. అభిమానులు అడ్డుపడగా మరొక్క ఏడు అవకాశం లభించింది.

1998లో ఆయన స్థానంలోకి శిక్షకుడుగా వచ్చినవాడు డగ్ విలియమ్స్.