పాఠం 14: పాత రగ్గడ్ ల్యాప్‌టాప్ వేగాన్ని పెంచడం

14.1 ఉపోద్ఘాతం

కంప్యూటరులో ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్క్ అనే ముఖ్య భాగాలు ఉంటాయని మీకు తెలుసు. ఆ జ్ఞానాన్ని ఈ పాఠంలో ఒక పనికి ఉపయోగిద్దాం.

లారీ ఇంజన్లను పరీక్షించే మెకానిక్కులు, భూమి సర్వే చేసేవారు, టవర్ల దగ్గర పనిచేసేవారు కంప్యూటరును ఆరుబయట వాడవలసి వస్తుంది. దుమ్ము, వాన, కుదుపుల మధ్య మామూలు ల్యాప్‌టాప్ ఎక్కువ కాలం నిలవదు. వీటిని తట్టుకొనేలా తయారు చేసిన దానిని రగ్గడ్ ల్యాప్‌టాప్ అంటారు. కొత్తది చాలా ఖరీదు కాబట్టి చాలామంది వాడిన దానిని కొంటారు. దాని పెట్టె చెక్కుచెదరదు గాని, స్విచ్చి వేసిన తరువాత పని మొదలుపెట్టడానికి నిమిషాల తరబడి కాచుకోవాలి. కొందరు విసిగి దానిని పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. మరికొందరు ఎవరో చెప్పారని ఏదో ఒక భాగం కొని డబ్బు పోగొట్టుకుంటారు. ఈ రెండూ అనవసరం. ఏ భాగం వల్ల ఆలస్యమవుతున్నదో ముందుగా కనుక్కొని, ఆ భాగాన్నే మార్చాలి. ఈ పాఠంలో ముఖ్య విషయం ఇదే.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• రగ్గడ్ ల్యాప్‌టాప్ ప్రత్యేకతలను చెప్పగలుగుతారు;
• కంప్యూటర్ నెమ్మదించడానికి కారణాన్ని గుర్తించగలుగుతారు;
• ఎస్‌ఎస్‌డి, ర్యామ్‌లలో ముందుగా దేనిని మార్చాలో నిర్ణయించగలుగుతారు;
• యంత్రం దృఢత్వం చెడకుండా తీసుకోవలసిన జాగ్రత్తలను వివరించగలుగుతారు.

14.3 రగ్గడ్ ల్యాప్‌టాప్ ప్రత్యేకత ఏమిటి?

పానసోనిక్ సంస్థ 1996లో టఫ్‌బుక్ పేరుతో ఇటువంటి యంత్రాలను ప్రవేశపెట్టింది. 2010లో వచ్చిన సీఎఫ్-31 అనే నమూనాను ఉదాహరణగా తీసుకుందాం. దీని పెట్టె మెగ్నీషియం మిశ్రమ లోహంతో చేసినది. తెర 13.1 అంగుళాలు. మోయడానికి పిడి ఉంటుంది. కేబుళ్లు తగిలించే చోట్ల రబ్బరు అంచుగల మూతలు ఉంటాయి.

దీనికి ఐపీ65 అనే గుర్తింపు ఉంది. ఇందులో 6 అనే అంకె దుమ్ము లోపలికి పోదని తెలుపుతుంది. 5 అనే అంకె గొట్టంతో చిమ్మిన నీటిని తట్టుకుంటుందని తెలుపుతుంది. అంటే నీటిలో ముంచవచ్చునని కాదు. పైగా మూతలన్నీ బిగించి ఉన్నప్పుడే ఈ రక్షణ ఉంటుంది.

ఇందులో పాతకాలపు సీరియల్ పోర్టు కూడా ఉంటుంది. ఈనాటి మామూలు ల్యాప్‌టాప్‌లలో ఇది దాదాపు కనిపించదు. కొన్ని పరీక్షా పరికరాలను నేరుగా తగిలించడానికి ఇది అవసరం. అందువల్ల ఇటువంటి యంత్రాన్ని బాగుచేసుకోవడం చాలామందికి జీవనోపాధికి సంబంధించిన విషయం.

14.4 కంప్యూటర్ ఎందుకు నెమ్మదిస్తుంది?

ఒక కిరాణా కొట్టును ఊహించుకోండి. సరుకు తూచి ఇచ్చే మనిషి ప్రాసెసర్. అతని ముందున్న బల్ల ర్యామ్. వెనుకనున్న గోడౌను హార్డ్ డిస్క్. బల్ల మీద ఉన్న సరుకును వెంటనే ఇవ్వవచ్చు. బల్ల చిన్నదైతే ప్రతిసారీ గోడౌనుకు పోయి రావాలి. గోడౌను దూరమైతే, తూచే మనిషి ఎంత చురుకైనవాడైనా సరుకు వచ్చేదాకా ఊరికే నిలబడవలసిందే. అప్పుడు ఇంకా చురుకైన మనిషిని పెట్టినా లాభం లేదు.

పాత ల్యాప్‌టాప్‌లలో తరచు జరిగేది ఇదే.

14.5 కొలిచి చూడండి

స్విచ్చి వేసినప్పటి నుంచి పని మొదలుపెట్టగలిగే వరకు ఎంత సమయం పట్టిందో గడియారం చూసి రాసుకోండి. తరువాత మీరు రోజూ వాడే ప్రోగ్రాములను తెరవండి. విండోస్ 10లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలను కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే భాగాన్ని చూడండి.

• డిస్క్ చాలాసేపు 100 శాతం దగ్గర ఉండి, ప్రాసెసర్, మెమరీ తక్కువగా ఉంటే: ఆలస్యానికి కారణం డిస్క్.
• మెమరీ 90 శాతం దాటి ఉంటే: ర్యామ్ చాలడం లేదు. ఇటువంటప్పుడు డిస్క్ కూడా ఎక్కువగా పనిచేస్తూ కనిపించవచ్చు.
• ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా ప్రాసెసర్ ఎక్కువగా పనిచేస్తుంటే: అనవసరమైన ప్రోగ్రాములు లేదా వైరస్ ఉన్నాయేమో చూడాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు.

పాఠ్య ప్రశ్నలు 14.1
1. ఐపీ65లో 6 అనే అంకె దేనిని తెలుపుతుంది?
2. మెమరీ 45 శాతం, ప్రాసెసర్ 15 శాతం, డిస్క్ 100 శాతం ఉన్నాయి. ఏ భాగాన్ని మార్చాలి?

14.6 హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డి

హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం గుండ్రంగా తిరుగుతుంది. ఒక చిన్న చేయి దానిమీద అటూఇటూ కదులుతూ సమాచారాన్ని చదువుతుంది. ల్యాప్‌టాప్ డిస్క్ సాధారణంగా నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు చేయి కిందికి రావడానికి సగటున అరచుట్టు, అంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకు పడుతుంది. చేయి కదలడానికి మరో 10 మిల్లీసెకన్లు అనుకుందాం. మొత్తం సుమారు 15.

ఎస్‌ఎస్‌డిలో తిరిగే భాగాలు లేవు. సమాచారం చిప్‌లలో ఉంటుంది. దానిని అందుకోవడానికి సుమారు 0.1 మిల్లీసెకను చాలు.

ఉదాహరణ: కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వేర్వేరు చోట్ల ఉన్న 4,000 చిన్న ముక్కలను చదవాలనుకుందాం.
హార్డ్ డిస్క్: 4,000 × 15 = 60,000 మిల్లీసెకన్లు, అంటే 1 నిమిషం.
ఎస్‌ఎస్‌డి: 4,000 × 0.1 = 400 మిల్లీసెకన్లు, అంటే అర సెకను లోపు.

ప్రాసెసర్ చేసే పని కూడా ఉంటుంది కాబట్టి యంత్రం అర సెకనులో మొదలు కాదు. కాని కాచుకొని ఉండే కాలం చాలావరకు తగ్గిపోతుంది. తిరిగే భాగాలు లేనందువల్ల ఎస్‌ఎస్‌డి కుదుపులను కూడా బాగా తట్టుకుంటుంది. బండిలో తిరిగే యంత్రానికి ఇది రెండో లాభం.

కొనేటప్పుడు 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డి అని అడగండి. 2010 నాటి యంత్రాలలో సాటా రెండవ తరానిది కాబట్టి సెకనుకు 300 ఎంబీ కంటె ఎక్కువ వేగం రాదు. కనుక అన్నిటికంటె వేగమైనదని ఎక్కువ ధర పెట్టనక్కరలేదు.

14.7 ర్యామ్ పెంచడం

మెమరీ నిండిపోతున్నదని తేలితేనే ర్యామ్ కొనండి. ముందు మూడు విషయాలు చూసుకోవాలి. మొదటిది రకం: సీఎఫ్-31కు డీడీఆర్3 ల్యాప్‌టాప్ ర్యామ్ కావాలి. డీడీఆర్2, డీడీఆర్4 ముక్కలలో గాడి వేరే చోట ఉంటుంది, అవి దీనిలో పట్టవు. రెండవది గరిష్ఠ పరిమితి: ఇది యంత్రం మాన్యువల్‌లో ఉంటుంది. మూడవది ఆపరేటింగ్ సిస్టమ్: మామూలు 32 బిట్ విండోస్ 4 జీబీ కంటె ఎక్కువ ర్యామ్‌ను వాడుకోలేదు. అటువంటప్పుడు 8 జీబీ వేసినా డబ్బు వృథా.

14.8 విప్పేటప్పుడు జాగ్రత్తలు

1. ముఖ్యమైన ఫైళ్లను ముందుగా రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూడండి.
2. యంత్రాన్ని ఆపి, చార్జరు తీసి, బ్యాటరీ కూడా తీయండి.
3. భాగాలను ముట్టుకొనే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకి, ఒంటిలోని స్థిర విద్యుత్తును పోగొట్టుకోండి.
4. డిస్క్ ఒక ప్రత్యేకమైన డబ్బాలో, మెత్తని దిమ్మల మధ్య ఉంటుంది. ఆ డబ్బాను పారేయవద్దు. కొత్త ఎస్‌ఎస్‌డిని అందులోనే అమర్చాలి. పాత డిస్క్ మందం సాధారణంగా 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డి మందం 7. తేడా ఉన్నచోట పలుచని ప్లాస్టిక్ దిమ్మ పెట్టకపోతే అది లోపల కదులుతుంది.
5. డబ్బాకు ఉన్న పలుచని పట్టీ కేబులు సున్నితమైనది. లాగకండి.
6. మూత బిగించేటప్పుడు రబ్బరు అంచు మడతపడకుండా, తెగకుండా చూడండి. అంచు చెడితే యంత్రం వేగం పెరిగినా, మొదటి వానకే నీరు లోపలికి చేరవచ్చు.
7. పాత డిస్క్‌ను కనీసం ఒక నెల చెరపకుండా దాచండి. కొత్తదానిలో లోపం వస్తే తిరిగి తగిలించుకోవచ్చు.

14.9 ఏ ఆపరేటింగ్ సిస్టమ్?

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11 కోరే ప్రాసెసర్, రక్షణ చిప్ 2010 నాటి యంత్రాలలో లేవు. అందువల్ల ఇంటర్నెట్ వాడేవారు లుబుంటు, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికైన ఉచిత సిస్టమ్‌లను పరిశీలించవచ్చు. ఇంజన్ పరీక్షకు కావలసిన ప్రోగ్రాము విండోస్‌లోనే నడిచేదైతే విండోస్‌నే ఉంచుకొని, ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు కలపకుండా వాడటం క్షేమం.

పాఠ్య ప్రశ్నలు 14.2
1. ఎస్‌ఎస్‌డి కుదుపులను ఎందుకు తట్టుకుంటుంది?
2. ఒక యంత్రంలో 4 జీబీ ర్యామ్, 32 బిట్ విండోస్ ఉన్నాయి. మరో 4 జీబీ వేస్తే లాభమా?

14.10 మీరు ఏమి నేర్చుకున్నారు?

• కొనే ముందు కొలవాలి. ఆలస్యానికి కారణమైన భాగాన్నే మార్చాలి.
• హార్డ్ డిస్క్ ఉన్న పాత యంత్రానికి ఎస్‌ఎస్‌డి వల్ల తరచు ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది.
• ర్యామ్ రకం, పరిమితి, ఆపరేటింగ్ సిస్టమ్ మూడూ సరిచూసుకోవాలి.
• రబ్బరు అంచులు, డిస్క్ డబ్బా చెడితే యంత్రం దృఢత్వం పోతుంది.

14.11 పాఠాంత ప్రశ్నలు

1. కిరాణా కొట్టు పోలిక సహాయంతో ర్యామ్, డిస్క్‌ల పనిని మీ మాటల్లో వివరించండి.
2. 6,000 ముక్కలను చదవడానికి హార్డ్ డిస్క్‌కు, ఎస్‌ఎస్‌డికి ఎంత సమయం పడుతుందో లెక్కించండి.
3. మీకు అందుబాటులో ఉన్న ఒక కంప్యూటరును 14.5లో చెప్పినట్లు పరీక్షించి, దానికి ఏ మార్పు అవసరమో కారణంతో రాయండి.

14.12 పాఠ్య ప్రశ్నలకు జవాబులు

14.1: 1. దుమ్ము లోపలికి పోదని. 2. హార్డ్ డిస్క్‌ను.
14.2: 1. దానిలో తిరిగే భాగాలు లేవు కాబట్టి. 2. లాభం లేదు. ముందు 64 బిట్ సిస్టమ్ వేసుకోవాలి.