రక్తపరీక్ష చీటీ చదవడం ఎలా?



కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళి వచ్చిన ఉప్పాడ గర్భిణిని "ఏమన్నారమ్మా?" అని అడిగి చూడండి. "రక్తం తక్కువుందన్నారండి" అంటుంది. ఎంత తక్కువ, ఎందువల్ల తక్కువ అంటే జవాబుండదు. మరునాటి నుండి ఇంట్లోవాళ్ళు బీట్‌రూటు, ద్రాక్షరసం మొదలుపెడతారు. ఎర్రనివి తాగితే రక్తం పడుతుందని నమ్మకం కాబోలు! బీట్‌రూటులో ఇనుము తక్కువే. ఆ చీటీ చదవడం పెద్ద విద్యేమీ కాదు. ఈ వారం దానినే నేర్చుకొందాం.

"రక్తం తక్కువ" అంటే ఒంట్లో రక్తం ఇంకిపోయిందని కాదు. ఎర్ర రక్తకణాలలో హిమోగ్లోబిన్ అనే పదార్థం ఉంటుంది. ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును అందుకొని ఒళ్ళంతా చేరవేసేది అదే. దాని తయారీకి ఇనుము కావాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ ఎన్ని గ్రాములుందో చీటీలో రాస్తారు. మగవారికి 13, ఆడవారికి 12, గర్భిణికి 11 గ్రాములకు తగ్గకూడదు. గర్భంలో నడిమి మూడు నెలలు మాత్రం 10.5 ఉన్నా చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ నెలలలో రక్తంలో నీటి భాగం పెరిగి అంకె దిగుతుంది. ల్యాబువారు పక్కన అచ్చువేసే కొలత సాధారణంగా గర్భం లేని స్త్రీది. కనుక ఆరవ నెలలో 10.8 చూసి బెంగపడనక్కరలేదు. వేలు గుచ్చి చూసినదానికి, నరం నుండి తీసి చూసినదానికి అర గ్రాము తేడా రావచ్చు. దానికీ కంగారు పడవద్దు.

గర్భిణికి 7 కంటే తగ్గితే మాత్రం అది తీవ్ర రక్తహీనత. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కాన్పులో ఎవరికైనా కొంత రక్తం పోతుంది. 11 గ్రాములున్న తల్లి తట్టుకొనే రక్తస్రావం 6 గ్రాములున్న తల్లి ప్రాణం తీయగలదు. బిళ్ళలతో అంకె పెరగడానికి వారాలు పడుతుంది గనుక ఎనిమిదో నెల దాకా ఆగడం ప్రమాదం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఆదివారం పూజలో మీ పక్క వరుసలో కూర్చున్నవారిలోనూ చాలామందికి ఉంటుంది. మెట్లెక్కితే ఆయాసం, మగ్గం ముందు కూర్చోగానే నీరసం, కనురెప్ప లోపల పాలిపోవడం, ఉత్త బియ్యం గాని బలపం గాని తినాలనిపించడం దాని గుర్తులు.

ఇప్పుడు చీటీలో ఎవరూ చూడని వరుస. సి.బి.పి. పరీక్ష చేయిస్తే అందులో ఎం.సి.వి. అని ఉంటుంది. అది ఎర్రకణం సైజు. 80 నుండి 100 మధ్య ఉండాలి. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవి. చాలావరకు అది ఇనుము లోటు. ఇనుము బిళ్ళలు సక్రమంగా వాడినా ఫలితం లేకపోతే తలసీమియా లక్షణమేమో చూడమని డాక్టరుగారిని అడగాలి. 100 దాటితే కణాలు పెద్దవి. ఫోలిక్ ఆమ్లం గాని, బి12 విటమిను గాని చాలడం లేదేమో చూడాలి. ఒక్క హిమోగ్లోబిన్ అంకె ఈ తేడా చెప్పదు.

ఈ ఫోలిక్ ఆమ్లం కథలో మన డెల్టా మనిషి ఉన్నారు. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బట్టల మిల్లు కార్మిక స్త్రీలను పరీక్షించి, గర్భిణుల రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతోందని గమనించారు. అందులో పనిచేసే పదార్థమేమిటో అప్పటికి తెలియదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించగా, 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో వచ్చే రక్తహీనతకు తర్వాత ఇదే మందయింది.

ఆశా కార్యకర్త తెచ్చి ఇచ్చే ఎర్ర బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోపాటు ఈ ఫోలిక్ ఆమ్లం కూడా ఉంది. నాలుగో నెల నుండి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలి. రక్తహీనత ఉంటే రోజుకు రెండు ఇస్తారు. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. కడుపులో తిప్పితే రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. టీతోను, కాల్షియం బిళ్ళతోను కలిపి వేసుకోవద్దు. నిమ్మరసంతో అయితే ఇనుము బాగా ఒంటబడుతుంది. నెల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించండి. సుమారు ఒక గ్రాము పెరగాలి. పెరగకపోతే బిళ్ళలు నిజంగా మింగుతున్నారా, నులిపురుగులున్నాయా, మరేదైనా కారణముందా అని చూడాలి. అంకె 12కు వచ్చిందని మానేస్తే లాభం లేదు. ఒంట్లో నిల్వ నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది.

ఆహారం మాటకొస్తే ఉప్పాడవారు అదృష్టవంతులు. చేపలలో, మాంసంలో ఉండే ఇనుము ఆకుకూరల ఇనుముకంటే సులువుగా ఒంటబడుతుంది; పక్కనున్న తోటకూర ఇనుమునూ పట్టించుకొనేలా చేస్తుంది. చిక్కల్లా వడ్డనలో ఉంది. వేట నుండి వచ్చిన మగవారికి, పిల్లలకు పెట్టాక ఇల్లాలికి చట్టిలో మిగిలేది పులుసే. నెత్తళ్ళ వేపుడైనా సరే, ఆమె కంచంలో ముందే నాలుగు వేయండి. తపస్సు కాలంలో గర్భిణులు, బాలింతలు, జబ్బుతో ఉన్నవారు ఉపవాసం ఉండనక్కరలేదని తిరుసభ నియమమే చెబుతోంది, అత్తగారలు గమనించాలి.

మగవారికి, నెలసరి ఆగిన స్త్రీలకు హిమోగ్లోబిన్ తగ్గితే బిళ్ళలతో సరిపెట్టవద్దు. రక్తం ఎక్కడో పోతున్నదేమో వెతకాలి. మొలలు కావచ్చు, ఒళ్ళునొప్పుల బిళ్ళలు రోజూ మింగడంవల్ల కడుపులో పడిన పుండు కావచ్చు, పేగులో గడ్డ కావచ్చు. పాత చీటీలు పారేయకండి. తేదీల వరుసలో పెట్టి డాక్టరుగారికి చూపితే అంకె ఎప్పటి నుండి దిగుతోందో ఆయనకు ఇట్టే తెలుస్తుంది.