కుక్కకు పిడుదులు పడితే: ఇంటి మందు ఎంతవరకు పనిచేస్తుంది?

మన ఆసుపత్రికి వచ్చే కుటుంబాలలో చాలామంది ఇళ్లలో కుక్క ఉంటుంది. రాత్రి పొలం కావలికి, కోళ్ల గూటి కావలికి, పిల్లల ఆటకు అది తోడు. వేసవి చివరి నుండి వానలు తగ్గే వరకు దాని చెవుల వెనక, మెడ కింద, కాలివేళ్ల సందుల్లో శనగగింజల్లాగా పిడుదులు వేలాడుతుంటాయి. కొన్ని ఊళ్లలో వీటిని గోమార్లు అంటారు. "సిస్టర్, మందులు కొట్టకుండా వేపాకుతో పోతాయా?" అని చాలామంది అడుగుతుంటారు. ఆ ప్రశ్న మంచిదే. అయితే జవాబు అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

పిడుదు ఎక్కడ బతుకుతుంది?

కుక్కను పట్టే గోధుమరంగు పిడుదుకు గుడ్డు, ఆరు కాళ్ల పిల్ల, ఎనిమిది కాళ్ల పిల్ల, పెద్ద పిడుదు అని నాలుగు దశలు ఉంటాయి. గుడ్డు తరువాత ప్రతి దశలోనూ అది కుక్క మీదికి ఎక్కి కొన్ని రోజులు రక్తం తాగి, కిందికి రాలిపోతుంది. మిగతా కాలమంతా గోడ పగుళ్లలో, బండల సందుల్లో, గోనెసంచుల మడతల్లో, నులకమంచం అల్లికలో దాక్కుంటుంది. గోడ ఎక్కి పైకప్పు దూలాల దాకా కూడా పోతుంది. ఆడ పిడుదు దాదాపు ఒక వారం రక్తం తాగి, ఉబ్బి, రాలిపోయి, ఏదో ఒక పగులులో నాలుగు వేల వరకు గుడ్లు పెట్టగలదు. తిండి లేకపోయినా నెలల తరబడి బతుకుతుంది.

అంటే కుక్క మీద మీకు కనబడేవి కొన్నే, మిగతావన్నీ ఇంట్లో ఉన్నాయి. కుక్కకు ఎంత మంచి మందు రాసినా ఇంటిని వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్లీ మొదటికి వస్తుంది. ఆకు మందు పని చేయలేదని బాధపడేవారిలో చాలామంది చేయని పని ఇదే.

కుక్క వెంట్రుకల మధ్య చకచకా పరిగెత్తి, పట్టబోతే గెంతే చిన్న నల్లపురుగులు వేరు. వాటి గుడ్లు రాలి కుక్క పడుకునే చోట దుమ్ములో పొదుగుతాయి. గూడు కట్టుకున్న పురుగు లోపలే నెలల పాటు ఆగి, మనిషి నడక అదురు తగలగానే బయటికి వస్తుంది. కూలికి వలస పోయి తాళం వేసిన ఇల్లు తెరవగానే కాళ్ల నిండా కుట్టడానికి కారణం అదే. చిన్న పిల్లలు పొరపాటున ఈ పురుగును మింగితే కుక్కల బద్దెపురుగు వాళ్ల కడుపులో చేరుతుంది.

పత్తి మందు కుక్కకు పోయకండి

మన దగ్గర అన్నిటికంటే పెద్ద ప్రమాదం పిడుదు కాదు. పత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన మందు ఇంట్లో ఉంటుంది, డబ్బు పెట్టి కొననక్కర లేదు, ఒక్క పూటలో పిడుదులు రాలిపోతాయి. అందుకని మూత నిండా తీసుకుని బకెట్ నీళ్లలో కలిపి కుక్క మీద పోస్తారు. కుక్క ఒళ్లు నాకుతుంది. దాన్ని కౌగలించుకున్న పిల్లవాడు అదే చేయి నోట్లో పెట్టుకుంటాడు. ఇలాంటి పంట మందులు చర్మం గుండా కూడా ఒంట్లోకి దిగుతాయి. నేను పనిచేసిన ఒక వార్డులో మూడేళ్ల పాపను ఇలాగే తీసుకొచ్చారు. నోట్లో నురగ, చెమట, కంటిపాప సూదిమొన అంత చిన్నది. ఇంట్లో ఎవరూ మందు తాగలేదని తల్లి ప్రమాణం చేసి చెబుతోంది. కుక్క మాట ఎవరికీ గుర్తు రాలేదు. పాప బతికింది, కుక్క ఆ రాత్రే చనిపోయిందట.

అలాంటిది జరిగితే బట్టలు విప్పేసి ఒళ్లంతా సబ్బునీళ్లతో కడగాలి. కడిగేవారు చేతికి ప్లాస్టిక్ కవరైనా తొడుక్కోవాలి. వాంతి చేయించవద్దు. చింతపండు నీళ్లు, కోడిగుడ్డు తెల్లసొన పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. 108కి ఫోన్ చేసి, మందు డబ్బాను కూడా వెంట తీసుకురండి. ఏ మందో తెలిస్తే చికిత్స వెంటనే మొదలవుతుంది.

వేప ఏం చేస్తుంది, ఏం చేయదు

మన జనగామ జిల్లాలోనే లింగాలఘనపురం మండలం ఏనబావి రైతులు వేపగింజల కషాయం వంటి వాటితో పంటలు కాపాడుకుని, 2006లో తమ ఊరిని రసాయనాలు వాడని ఊరిగా ప్రకటించుకున్నారు. అప్పుడు ఇది వరంగల్ జిల్లాలో ఉండేది. వేపకు శక్తి లేదని ఎవరూ అనలేరు. అయితే వేప ఎలా పనిచేస్తుందో తెలియాలి. అది పురుగును అప్పటికప్పుడు చంపే విషం కాదు. దాని చేదు, వాసన పురుగును దగ్గరికి రానీయవు, తిండి మాన్పిస్తాయి, పిల్ల పురుగు కుబుసం విడిచి ఎదగకుండా అడ్డుపడతాయి. అందుకే కరుచుకుని ఉబ్బిపోయిన పెద్ద పిడుదు వేపనీళ్లకు రాలదు. దానికి చేతి పనే కావాలి.

వాడే పద్ధతి ఇది. రెండు గుప్పిళ్ల వేపాకును ఒక లీటరు నీళ్లలో బాగా మరిగించి, చల్లార్చి, వడకట్టాలి. ముందు కుక్కకు మామూలు ఒంటిసబ్బుతో స్నానం చేయించాలి. మెడ దగ్గర మొదలుపెట్టి నురగ పట్టించండి, లేకపోతే గెంతే పురుగులన్నీ తల మీదికి, చెవుల్లోకి ఎక్కుతాయి. నురగను అయిదు పది నిమిషాలు ఉంచితే అవి చాలావరకు మునిగి చస్తాయి. కడిగిన తరువాత పేల దువ్వెనతో దువ్వి, చివరకు కళ్లలో పడకుండా వేపనీళ్లు పోయండి. వారానికి ఒకసారి చాలు.

వేపనూనె అయితే ఒక చెంచాకు పది చెంచాల కొబ్బరినూనె కలిపి, మొదట ఒక చిన్నచోట రాసి ఒకరోజు చూడండి. ఎర్రబడితే మానేయండి. చిన్న కూనలకు, కడుపుతో ఉన్న కుక్కకు, పిల్లికి వద్దు. నాకితే వాంతులు అవుతాయి, కాబట్టి పల్చగా, నాలుక అందని చోట్ల రాయండి. ఆ సీసా పిల్లలకు అందకుండా పైన పెట్టండి. నులిపురుగులకని, జలుబుకని పసిపిల్లలకు వేపనూనె తాగిస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం పోయిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. బయట పూతకు మంచిది కదా అని కడుపులోకి మంచిది కాదు.

ప్రకృతిదే అయినా వద్దనేవి

పంట మీద కొట్టే పచ్చిమిర్చి, వెల్లుల్లి కషాయాన్ని కుక్కకు వాడేవారు ఉన్నారు. మిర్చి దాని చర్మాన్ని, కళ్లను మండిస్తుంది. వెల్లుల్లి, ఉల్లి కుక్క కడుపులోకి పోతే రక్తకణాలు విరిగి రక్తం తగ్గిపోతుంది. అసలే పిడుదులు రక్తం తాగిన జంతువు అది. పొగాకు కాడలు నానబెట్టిన నీళ్లు కూడా విషమే, పోసేవారి చేతుల గుండా కూడా ఎక్కుతుంది.

సీతాఫలం గింజల పొడి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన అమ్మమ్మల కాలం నుండి తలలో పేలకు దీన్ని నూరి రాస్తారు, పేలు చస్తాయి కూడా. కానీ ఆ పొడి రవ్వంత కంట్లో పడినా నల్లగుడ్డు మీది పొర ఊడి, భరించలేని మంట, నీరు, చూపు మసకబారడం జరుగుతుంది. కుక్క ఒళ్లు విదిలిస్తే ఆ పొడి దాని కంట్లోనూ పడుతుంది, ఎదురుగా కూర్చున్న మీ కంట్లోనూ పడుతుంది. పడితే ధారగా మంచినీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఆముదం, తల్లిపాలు పోసి ఆలస్యం చేయవద్దు.

కిరోసిన్, పాత ఇంజన్ ఆయిల్, ఫినాయిల్ వంటివి ప్రకృతివీ కావు, మందులూ కావు. చర్మం కాలుతుంది, నాకితే ఊపిరితిత్తులు, కాలేయం చెడతాయి. పసుపు గాయానికి పనికివస్తుంది, పిడుదుకు కాదు.

అన్నిటికంటే మేలైనది చేతి పని

నా మట్టుకు నన్ను అడిగితే మొదటి మందు రోజూ సాయంత్రం పది నిమిషాలు కుక్కను వెతకడమే. పైన చెప్పాను, ఆడ పిడుదు రాలిపోయే లోపల దాన్ని తీసేస్తే వేల గుడ్లు మీ గోడలోకి పోకుండా ఆగినట్టే. ఏ కషాయమూ ఆ పని చేయలేదు.

చేతికి తొడుగు వేసుకుని, కనుబొమ్మలు తీసే ప్లక్కర్ లాంటి దానితో పిడుదును చర్మానికి ఆనుకుని పట్టి, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. బీడీతో కాల్చడం, నూనె చుక్క వేయడం చేయవద్దు. అలా రేపితే అది తన కడుపులోని క్రిములను కక్కుతుంది. గోళ్ల మధ్య చిదపడం మనవాళ్ల అలవాటు. ఆ రసం గోరుచుట్టు పుండుకో కంటికో తగిలితే జ్వరం క్రిములు మనకు ఎక్కుతాయి. చిక్కటి సబ్బునీళ్లున్న మూత డబ్బాలో వేసి మూత బిగించండి. తరువాత చేతులు కడుక్కోండి. పిల్లల చేత ఈ పని చేయించవద్దు. కరిచే కుక్కతో మీరూ చేయవద్దు. పంటి గాటు పడితే సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకు రావాలి. కుక్కకు ఏటేటా వేయించే పిచ్చికుక్క వ్యాధి టీకాకు ఏ ఆకూ బదులు కాదు.

ఇంటి సంగతి: కుక్క పడుకునే చోటు ఒకటి ఖాయం చేయండి. అక్కడ గోనెపట్ట బదులు పాతచీర వేసి, వారానికోసారి మరిగే నీళ్లలో ముంచి ఎండలో ఆరేయండి. గోడ పగుళ్లు మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి సున్నం వేయండి. నులకమంచం కోళ్ల మీద, పట్టెల సందుల్లో మరిగే నీళ్లు పోయండి. ఊడ్చిన చెత్తను వాకిట్లో పోయకుండా తగలబెట్టండి. వరసగా రెండు మూడు నెలలు చేస్తేనే ఫలితం కనబడుతుంది. కోళ్లు రాలిన పిడుదులను ఏరుకుని తింటాయి, నిజమే, కానీ రాత్రి పగుళ్లలోంచి వచ్చేవాటిని అవి ఏం చేయగలవు?

ఎప్పుడు పశువుల డాక్టరు, ఎప్పుడు మనుషుల డాక్టరు

కుక్క తిండి మానేసి, చిగుళ్లు పాలిపోయి, ముక్కు నుండి రక్తం కారినా, మూత్రం ఎర్రగా వచ్చినా అది పిడుదుల జ్వరం కావచ్చు. అప్పుడు వేపాకు నమ్ముకుని కూర్చోవద్దు. పిడుదులు వందల్లో ఉన్నప్పుడు కూడా పశువైద్యశాలలో బరువు చూసి ఇచ్చే మాత్రో, చుక్కల మందో ఒకసారి వాడి, తరువాత చేతి పనితో అదుపులో ఉంచుకోవడం తెలివైన పని. రసాయనం అనగానే అన్నీ ఒకటి కావు. కొలత ప్రకారం కుక్క కోసం చేసిన మందు వేరు, పత్తి మందు వేరు. అయితే కుక్క కోసం కొన్న మందును పిల్లికి మాత్రం రాయవద్దు, కొన్ని పిల్లుల ప్రాణం తీస్తాయి.

మనుషుల విషయానికి వస్తే, ఇంట్లో పిడుదులున్న కుక్క ఉండి, ఎవరికైనా గట్టి జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు వచ్చి, మూడు నాలుగు రోజులకు చేతులు కాళ్ల మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు కనబడితే తట్టు అనుకుని, అమ్మవారు పోసిందనుకుని వేపమండలు కట్టి ఇంట్లో ఉంచవద్దు. నల్లటి ఒంటి మీద ఆ మచ్చలు తేలికగా కనబడవు, వెలుతురులో చూడండి. చంకల్లో, నడుము దగ్గర, చెవి వెనక, తలవెంట్రుకల్లో చిన్న నల్ల పక్కు కట్టిన గాటు ఉందేమో వెతకండి. ఇది పిడుదు కాటుతో వచ్చే టైఫస్ జ్వరం కావచ్చు. దీనికి డాక్సీసైక్లిన్ అనే మామూలు మందు ఉంది, తొందరగా మొదలుపెడితే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. ఆలస్యమైతే మెదడుకు, మూత్రపిండాలకు పాకుతుంది.

ఓ.పి.లో కూర్చున్నప్పుడు డాక్టరు గారు అడగకపోయినా ఈ మాట చెప్పండి: "మా ఇంట్లో కుక్క ఉంది, దానికి పిడుదులున్నాయి, ఈ రెండు వారాల లోపల చేత్తో తీశాము." తీసిన తేదీ గుర్తుంటే అదీ చెప్పండి.