స్త్రీలు రాసిన సైన్స్ ఫిక్షన్: ఎలా మొదలుపెట్టాలి, ఎలా మళ్లీ చదవాలి?

సైన్స్ ఫిక్షన్ అనగానే వెల్స్, అసిమోవ్, క్లార్క్ పేర్లు గబగబా చెప్పేస్తాం. ఒక రచయిత్రి పేరు చెప్పమంటే తడుముకుంటాం. నిజానికి ఈ సాహిత్యానికి పునాది వేసినవాళ్లలో స్త్రీలున్నారు. కొత్తగా చదవబోయేవారికి నా సలహా ఒక్కటే: కొన్ని పుస్తకాలే ఎంచుకోండి, ప్రతిదాన్నీ రెండుసార్లు చదవండి.

ముందుగా, మన దేశంలో పుట్టిన చిన్న కథ పట్టుకోండి. రొకేయా సఖావత్ హుస్సేన్ ఇంగ్లీషులో రాసిన 'సుల్తానాస్ డ్రీమ్' 1905లో మద్రాసు నుంచి వచ్చే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చయింది. కమలా సత్యనాథన్ ఆ పత్రిక సంపాదకురాలు. భాష తేలిక, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఒక్క బిగిన చదివేయొచ్చు. ఇందులో పరదా మగవాళ్లకు, రాజ్యం ఆడవాళ్లకు. మొదటిసారి ఆ తారుమారును హాయిగా ఆస్వాదించండి. రెండోసారి వంటింటి దగ్గర ఆగండి. అక్కడ బొగ్గు లేదు, పొగ లేదు, వంటంతా ఎండ వేడితోనే. ఆ వేడిని నిల్వ చేసే విద్య స్త్రీల విశ్వవిద్యాలయంలో పుట్టింది, శత్రుసైన్యాన్ని తరిమిందీ ఆ విద్యే. మరో విశ్వవిద్యాలయం ఆకాశం నుంచే నీళ్లు తోడుకుంటుంది. మగవాళ్లు రోజుకు పన్నెండు చుట్టలు కాలిస్తే ఆరు గంటలు వృథా అని కథలోని సారా లెక్కగట్టి మరీ చెబుతుంది. ఇరవై ఒక్కేళ్లు నిండేదాకా ఆడపిల్లకు పెళ్లి చేయకూడదన్న చట్టం కూడా ఉంది. రొకేయా 1911లో కలకత్తాలో ముస్లిం బాలికలకు బడి పెట్టి నడిపారు. కథలోని చదువుల గొడవ ఆమెకు ఊసుపోక కల్పన కాదు.

తర్వాత మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'. పుస్తకం కొనేముందు అది 1818 నాటి పాఠమా, ఆమె దిద్దిన 1831 నాటి పాఠమా చూసుకోండి. మొదలుపెట్టేవారికి 1818దే మంచిదని నా అభిప్రాయం. అందులో తప్పు విధిది కాదు, మనిషిది. ఆ మొదటి అచ్చు మీద రచయిత్రి పేరే లేదు. మేరీ పుట్టిన కొద్దిరోజులకే ఆమె తల్లి చనిపోయింది, 1815లో తన తొలిబిడ్డనూ పోగొట్టుకుంది. ఇది మనసులో పెట్టుకుని మళ్లీ చదివితే భయపెట్టే భూతం పోయి, కళ్లు తెరిచిన క్షణానే కన్నవాడు వదిలేసిపోయిన ప్రాణి కనిపిస్తుంది.

మూడో అడుగు, మగపేరు చాటున ఉన్నవాళ్లను వెతకడం. జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ కలంపేరుతో రాసింది అలిస్ షెల్డన్. ఆ రచన ఆడవాళ్లది కానేకాదని పేరున్న రచయిత రాబర్ట్ సిల్వర్‌బర్గ్ 1975లో నమ్మకంగా రాశారు. 1977 నాటికి నిజం బయటపడింది. ఆమె 1973 నాటి కథ 'ద విమెన్ మెన్ డోంట్ సీ' చదవండి. కథ చెప్పేది ఒక మగవాడు. రెండోసారి అతన్ని పక్కనపెట్టి, అతనికి అర్థంకాని రూత్ పార్సన్స్ మాటలే వినండి.

ఇక నవలలు. అర్సులా లె గ్విన్ 1969లో రాసిన 'ద లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'లో ఎవరూ శాశ్వతంగా ఆడా కాదు, మగా కాదు, రాజు కూడా గర్భం ధరిస్తాడు. అయినా అందరినీ పురుషుల్లాగే సంబోధించారన్న విమర్శ వచ్చింది. లె గ్విన్ 1976లో ఒక వ్యాసంలో తనను తాను సమర్థించుకున్నారు. పదేళ్లు దాటాక అదే వ్యాసంలో పాత మాటలు చెరపకుండా, మారిన అభిప్రాయాలను పక్కనే చేర్చారు. మళ్లీ చదవడం ఎలాగో రచయిత్రే చేసి చూపించారు!

ఆక్టేవియా బట్లర్ 1993లో వెలువరించిన 'పారబుల్ ఆఫ్ ద సోవర్' కథ 2024లో మొదలవుతుంది. ఆ సంవత్సరం గడిచిపోయింది కాబట్టి ఇప్పుడు చదవడం మరో అనుభవం. మనవాళ్లలో వందనా సింగ్ కథలు, మంజులా పద్మనాభన్ నాటకం 'హార్వెస్ట్' తప్పకుండా చదవండి.

రెండో చదువుకు కొన్ని నెలలు ఎడం ఇవ్వండి. మొదటిసారి తోచినవి నోటుబుక్కులో రాసి ఉంచుకోండి. రెండోసారి ఈ ప్రశ్నలు వేయండి: ఈ లోకంలో వంట ఎవరు చేస్తున్నారు, పిల్లల్ని ఎవరు పెంచుతున్నారు, కథ ఎవరి నోట వింటున్నాం? జవాబులు తెలుగులో ఒక పేజీ రాసి మీకు నచ్చిన పత్రికకు పంపండి. ఈ రచయిత్రుల గురించి తెలుగులో ఇంకా చాలా రాయాల్సి ఉంది.